అనిస్టన్‌లో పడమటి వైపు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో అనిస్టన్ ఒక చిన్న పారిశ్రామిక పట్టణం. 1960లో 33 వేల మందికి పైగా ఉండేవారు, 2020 నాటికి 21 వేల చిల్లరకు తగ్గారు. బయటివాళ్లకు ఈ ఊరు రెండు విషయాలతో గుర్తు: 1961లో తగలబడిన బస్సు, పీసీబీలనే విష రసాయనాల కాలుష్యం. మొదటిది పౌరహక్కుల పుస్తకాల్లో, రెండోది పర్యావరణ కేసుల్లో కనిపిస్తుంది. రెండూ ఒకే కథ అని నా అభిప్రాయం.

అమెరికా అంతర్యుద్ధం ముగిసి ఏడేళ్లయింది. ఇంగ్లండ్‌లో పుట్టిన శామ్యూల్ నోబుల్, ఉత్తరాది సైన్యంలో జనరల్‌గా చేసిన డేనియల్ టైలర్ కలిసి 1872లో వుడ్‌స్టాక్ ఐరన్ కంపెనీ పెట్టారు. ఓడిన దక్షిణాదిలో గెలిచినవాళ్ల జనరల్ వచ్చి ఊరు కట్టాడన్నమాట! టైలర్ కోడలు ఆనీ పేరే ఊరికి పెట్టారు. 1883 వరకు అది పూర్తిగా కంపెనీ ఊరు, బయటివాళ్లకు స్థలాలు అమ్మేవారు కాదు. ఏ వీధి ఎక్కడ ఉండాలో, ఎవరి ఇల్లు ఎక్కడ లేవాలో కంపెనీదే మాట. క్వార్టర్ల నుంచి ఆసుపత్రి దాకా అన్నీ కంపెనీవే అయితే బతుకు ఎలా ఉంటుందో మన సింగరేణి ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత పోత ఇనుప మురుగు పైపులు ఈ ఊరికి ప్రపంచంలోనే పేరు తెచ్చాయి. ఫౌండ్రీల్లో వేడిని భరించే పనులు ఎక్కువగా నల్లజాతి కార్మికులవి. వాళ్ల ఇళ్లు చాలావరకు పడమటి వైపు, ఫ్యాక్టరీల పక్కనే.

1961 మే 14న, మదర్స్ డే నాడు, బస్సుల్లో జాతి వివక్షను ధిక్కరిస్తూ నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్లు ఉన్న గ్రేహౌండ్ బస్సును ఇక్కడి స్టేషన్‌లో తెల్లవాళ్ల గుంపు చుట్టుముట్టి టైర్లు కోసింది. వెంటాడి, ఊరి బయట బర్మింగ్‌హామ్ రోడ్డు మీద తగలబెట్టింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. నన్ను అంతకంటే ఎక్కువగా ఆపేది 1965 జులైలో జరిగిన హత్య. విల్లీ బ్రూస్టర్ ఉద్యమ నాయకుడేమీ కాదు. ఫౌండ్రీలో షిఫ్టు ముగించుకుని రాత్రిపూట ఇంటికి వెళ్తుంటే తుపాకీతో కాల్చారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఒక తెల్లవాడిని దోషిగా తేల్చింది. ఆ రోజుల అలబామాలో అది ఊహించని తీర్పు. ఊళ్లో మార్పు కోరిన తెల్లవాళ్లు కూడా ఉన్నారన్నది నిజం. 1963లో అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన లైబ్రరీకి వెళ్లిన ఇద్దరు నల్లజాతి పాస్టర్లను కొడితే, మర్నాడే ఊరి పెద్దలు వాళ్లను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

అయితే లైబ్రరీ తలుపులు తెరిచిన ఊరు మట్టిలో కలుస్తున్న విషాన్ని అలాగే వదిలేసింది. పడమటి వైపు ఫ్యాక్టరీలో 1929లో పీసీబీల తయారీ మొదలైంది. 1935లో మోన్‌శాంటో అనే రసాయనాల కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొని 1971 దాకా అక్కడ పీసీబీలు తయారుచేసింది. అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన ఈ రసాయనం స్నో క్రీక్ వాగులోకి, పెరళ్ల మట్టిలోకి చేరింది. జనం ఆ పెరళ్లలోనే కూరగాయలు పండించుకున్నారు, ఆ వాగుల్లోనే చేపలు పట్టారు. 1966లో కంపెనీ తరఫున ఒక శాస్త్రవేత్త స్నో క్రీక్ నీటిలో చేపలు వదిలితే క్షణాల్లో వెల్లకిలా తేలాయి. ఆ సంగతి జనానికి చెప్పలేదు. వ్యాపారంలో ఒక్క డాలర్ కూడా పోగొట్టుకోలేమని 1970 నాటి కంపెనీ కాగితాల్లో ఉంది.

ఫ్యాక్టరీ అంటే జీతం కాబట్టి జనం నోరు మెదపలేదని కొందరు వాదిస్తారు. సగం నిజమే. కానీ తెలియని విషయం మీద ఎవరైనా ఎలా మాట్లాడతారు? 1990లలో కంపెనీ చుట్టుపక్కల ఇళ్లు కొనడం మొదలుపెట్టాకే అనుమానాలు పెరిగాయి. కేసులు నడిచి, 2003లో 20 వేల మందికి పైగా బాధితులతో 70 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. వినడానికి పెద్ద మొత్తమే. లాయర్ల ఫీజులు పోగా చాలామంది చేతికి వచ్చింది కొన్ని వేల డాలర్లు.

అదే ఏడాది ఊరి దగ్గరున్న ఆర్మీ డిపోలో దాచిన రసాయన ఆయుధాలను కాల్చడం మొదలుపెట్టి 2011లో ముగించారు. దగ్గర్లో ఉన్నవాళ్లకు ముందుజాగ్రత్తగా ముఖానికి తొడుక్కునే హుడ్‌లు పంచారు. 1999లో ఫోర్ట్ మెక్‌లెల్లన్ సైనిక స్థావరం మూతపడ్డాక ఊరికి పెద్ద ఆధారం ఆ డిపోనే, యుద్ధ ట్యాంకులు అక్కడే బాగుచేస్తారు. బస్సు కాలిన చోటిని 2017లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. పీసీబీల వల్ల ఇళ్లు ఖాళీ చేసిన స్వీట్ వ్యాలీ, కాబ్‌టౌన్ వాడలనూ ఆ కథలో భాగంగా చూపించాలి.