పనిలేని కార్డుకు పదహారు యూనిట్లు

బెంగళూరు, మారతహళ్లి. రెండో అంతస్తులో అద్దె ఇల్లు, ఆదివారం పొద్దున. హాల్లో మూలనున్న బల్ల మీద రెండు మానిటర్లు, కింద అద్దం తలుపు క్యాబినెట్. వాల్‌పేపర్లో చేపలు ఈదుతున్నాయి. క్యాబినెట్ ప్లగ్గుకీ గోడకీ మధ్య ఒక చిన్న ప్లగ్ మీటరు. బామ్మర్ది నిన్ననే ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొనుక్కొచ్చాడు. దాని మీద 98 వాట్లు అని కనబడుతోంది. కంప్యూటర్లో ఏ ప్రోగ్రామూ తెరిచి లేదు. ఇడ్లీ ప్లేటు కింద కరెంటు బిల్లు.

బామ్మర్ది: బావా, 212 యూనిట్లు. పోయిన నెల 189. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద, 2022-23లో వాడిన సగటుకి పది శాతం కలిపి ఈ మీటరుకి 195 యూనిట్లు ఉచితం. ఆ పైన ఐదు వాడితే ఐదుకే కడతాం. 200 దాటితే మొత్తానికీ కట్టాలి. అందుకే పద్దెనిమిది వందల చిల్లర వచ్చింది. మీ కంప్యూటర్లో తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు, పనేమీ లేకపోయినా ఒక 30 వాట్లు తింటోందని నా అనుమానం.

బావ: దానికి నా కంప్యూటర్ని బోనులో నిలబెడతావా? ముందు గీజర్ని అడుగు. రెండు కిలోవాట్లు అది. పావుగంట ఆపడం మరిచిపోతే అర యూనిట్టు. అదే అర యూనిట్టు తినాలంటే నువ్వు చెప్పే 30 వాట్లకు పదహారు గంటల పైన పడుతుంది.

అక్క (వంటింట్లోంచి): గీజరు ఆపడం మరిచిపోయేదెవరో కూడా చెప్పండి.

బావ: అది వేరే విషయం.

బామ్మర్ది: గీజరు పోయిన నెల కూడా ఉంది బావా. ఈ నెల కొత్తగా వచ్చింది ఈ రెండో మానిటరు ఒక్కటే.

బావ: మరి మానిటరు కరెంటు తినదా? పాతిక వాట్లు వేసుకో, రోజుకి పది గంటలు. నెలకి ఏడున్నర యూనిట్లు. నా లెక్క కూడా రాసుకో.

బామ్మర్ది: రాసుకున్నా. పెరిగినవి 23, ఏడు తీసేస్తే పదహారు. ఇప్పుడు మీటరు చూడండి. మానిటరు వేరే ప్లగ్గులో ఉంది, ఈ మీటరుకి దానితో సంబంధం లేదు.

(వంగి కార్డు వెనకనుంచి రెండో మానిటర్ కేబుల్ పీకాడు. తెర ఒక్కసారి నల్లబడి వచ్చింది. మీటరు 98, 91, 80... చివరికి 76 దగ్గర ఆగింది.)

బామ్మర్ది: 22 వాట్లు. మీరు ఆఫీసు నుంచి ఫైళ్లు తీసుకోవాలని దీన్ని రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంచుతారు. 22 ఇంటూ 720 గంటలు, దాదాపు పదహారు యూనిట్లు. మూడు వేలు పోసి బీఎల్‌డీసీ ఫ్యాన్ కొన్నారు కదా, 28 వాట్లే తింటుందని అందరికీ చెప్పుకున్నారు. దాదాపు ఆ ఫ్యానుకి పట్టేంత కరెంటు ఇక్కడ ఉత్తినే పోతోంది. అదైనా గాలి ఇస్తుంది.

(ఈ ఫ్యాను దెబ్బ బావకి తగిలింది. మాట మార్చడానికి ఇడ్లీ తీసుకున్నాడు.)

బావ: సరే, 22 వాట్లు. నెలకి వంద రూపాయలు. నీ మీటరు ఎంతైంది?

బామ్మర్ది: దాని ధర అడగొద్దు.

బావ: చెప్పు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎంతకి కొన్నావు?

బామ్మర్ది: ... ఆరు వందల యాభై. అయినా వంద రూపాయలు కాదు బావా. 200 గీత దాటించినవి ఇవే. కార్డు పదహారూ తీసేస్తే 196. ఒక్క యూనిట్టుకి కట్టి ఊరుకునేవాళ్లం.

బావ: అసలు నాకు అర్థం కానిది ఒకటి చెప్పు. కార్డు ఏం చేస్తోంది? ఆట లేదు, వీడియో లేదు. తెర మీద చేపలు తప్ప ఏమీ లేవు. రెండో మానిటర్లో ఉన్నది ఉత్త నల్ల గోడ. నల్ల గోడ చూపించడానికి 22 వాట్లెందుకు?

(ఇక్కడ బామ్మర్ది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతను వచ్చిందే దీనికోసం. కార్డు లోపల ఏం జరుగుతోందో చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాము తెరిచి మెమరీ క్లాక్, అంటే మెమరీ వేగం అన్న గీత చూపించాడు. కేబుల్ పెట్టగానే 2000 మెగాహెర్ట్జ్, తీయగానే వందకి దిగువ. మూడుసార్లు పెట్టి తీశాడు. మూడుసార్లూ అంతే.)

బామ్మర్ది: నల్ల గోడైనా, పెళ్లి ఫోటో అయినా తెరకి ఒకటే. సెకనుకి 60 సార్లో 144 సార్లో కార్డు మెమరీలోంచి బొమ్మ మొత్తం చదివి పంపాల్సిందే. పని తక్కువున్నప్పుడు మెమరీ వేగం తగ్గిస్తే కరెంటు మిగులుతుంది. కానీ వేగం మార్చే ఆ క్షణం మెమరీలోంచి ఏమీ చదవడం కుదరదు. మన అపార్ట్‌మెంట్ ట్యాంకు కడగాలంటే ఏం చేస్తారు?

బావ: నీళ్లు ఆపేస్తారు.

బామ్మర్ది: ఎవరూ కుళాయి తిప్పని వేళ చూసి ఆపుతారు. మానిటరుకి కూడా అలాంటి వేళ ఒకటుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకి ఒక్కో ఫ్రేములో 1125 గీతలుంటే కనిపించేవి 1080. మిగతా 45 గీతలు ఖాళీ. అంటే 60 హెర్ట్జ్ దగ్గర ప్రతి పదహారున్నర మిల్లీసెకన్లలో అర మిల్లీసెకను పైచిలుకు కుళాయి కట్టి ఉంటుంది. మెమరీ వేగం మార్చేది ఆ సందులోనే. ఒక్క తెర ఉంటే సరిపోతుంది. పాతది 60, కొత్తది 144. ఒకరి కుళాయి కట్టినప్పుడు ఇంకొకరిది పారుతూ ఉంటుంది. రెండూ ఒకేసారి ఖాళీగా దొరకవు. అందుకే కార్డుని నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరు, మెమరీ వేగాన్ని పైనే పెట్టి ఉంచేస్తుంది.

బావ: అంటే తెలిసే చేశారు. తెర మినుకు మినుకుమనకుండా ఉండాలని. డ్రైవర్ రాసినవాడు పిచ్చోడు కాదుగా? నువ్వు దాన్ని బలవంతంగా కిందికి దించితే నాకు మీటింగులో తెర వణుకుతుంది.

(ఈ మాట నిజం. ఖాళీ గీతలు పెంచే టూల్స్ ఉన్నాయి, వాటితో తెర ఆరిపోయి సేఫ్ మోడ్‌లోకి పరుగెత్తినవాళ్లూ ఉన్నారు. బామ్మర్ది ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.)

బామ్మర్ది: సరే. కానీ కార్డులు చేసేవాళ్లకి చేతకాక కాదు. 2011 డిసెంబరులో ఏఎండీ కంపెనీ హెచ్‌డీ 7970 కార్డు ప్రకటించినప్పుడే తెర ఆరితే కార్డు 3 వాట్లలోపు వచ్చేలా చేసింది.

బావ: అదీ! అది వాళ్ల పని, నాది కాదు. 2022లో అదే ఏఎండీ కార్డు 7900 ఎక్స్‌టీఎక్స్ వచ్చినప్పుడు రెండు మానిటర్లతో ఊరికే కూర్చుని వంద వాట్ల దగ్గరికి పోతుంటే, తెలిసిన సమస్యల్లో చేరుస్తున్నామని కంపెనీయే చెప్పి, 2023లో డ్రైవర్లతో తగ్గిస్తూ వచ్చింది. కొన్నవాడు ఆదివారాలు తగలేసి సర్దుకోవాలా? ఇంటెల్ ఆర్క్ కార్డు కొన్నవాళ్లకైతే బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏఎస్‌పీఎం అనే కరెంటు పొదుపు సెట్టింగ్ ఆన్ చేయండి, విండోస్‌లో లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ గరిష్ఠ పొదుపుకి పెట్టండి అని ఇంటెలే చెప్పింది. మా నాన్న కంప్యూటర్ కొంటే బయోస్‌లోకి వెళ్తాడా?

బామ్మర్ది: మీరు మీ నాన్నగారు కాదు బావా. చిప్పులు టెస్ట్ చేసి జీతం తెచ్చుకుంటారు.

అక్క: అలా అడుగు.

బావ: ఆదివారం కూడా అదే పనా? పైగా కార్డొక్కటేనా దొంగ? నాది 850 వాట్ల పవర్ సప్లై. కరెంటు వృథా తక్కువని చెప్పే గోల్డ్ గుర్తు ఉంటుంది, ఆ పరీక్ష ఇరవై శాతం లోడు దగ్గర మొదలవుతుంది. 98 వాట్లంటే దాని కిందే. అక్కడ ఎంత వృథా అవుతోందో దాని మీద రాయలేదు. దానికో మీటరు కొను.

బామ్మర్ది: అది మార్చడానికి డబ్బు కావాలి. కేబుల్ మార్చడానికి ఏమీ అక్కర్లేదు. పాత మానిటర్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డు వెనక పోర్టుకి పెడదాం. అప్పుడు దాని పని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చూసుకుంటుంది, కార్డుకి ఒక్క తెరే మిగులుతుంది.

(కేబుల్ మార్చాడు. పాత మానిటర్ నల్లగానే ఉంది. వదులుగా ఉందేమోనని నొక్కాడు. "నో సిగ్నల్" అని అటూ ఇటూ తిరుగుతూ కనబడింది. బావ నవ్వు ఆపుకోలేకపోయాడు.)

బావ: నా ప్రాసెసర్ 12400ఎఫ్. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. తక్కువకి వస్తోంది కదా అని నువ్వే కొనిపించావు, గుర్తుందా?

(బామ్మర్దికి గుర్తుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కేబుల్ మళ్లీ కార్డుకే పెట్టి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కొత్త మానిటరు 144ని 120 చేశాడు. 120కి 60 సరిగ్గా సగం. అన్ని కార్డులూ దీనికి లొంగవు, ఇది లొంగింది. మీటరు 77.)

బావ: నా ఇరవై నాలుగు హెర్ట్జ్ పోయాయి.

బామ్మర్ది: ఆట ఆడేటప్పుడు మళ్లీ 144 పెట్టుకోండి. డెస్క్‌టాప్ మీద ఎక్సెల్ చూడటానికి ఎందుకు? (వాల్‌పేపర్ ఆపాడు. 66.) ఇంకో పదకొండు. ఈ చేపలు కార్డుని కునుకు తీయనివ్వట్లేదు.

బావ: చేపల జోలికి రాకు. అవి పాప పెట్టుకుంది.

బామ్మర్ది: అయితే ఉండనివ్వండి. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తెరలు ఆరేలా పెడతా. మీ ఫైళ్లు ఆఫీసు నుంచి మామూలుగానే వస్తాయి. రాత్రి చేపలు కూడా పడుకుంటాయని పాపకి మీరు చెప్పండి, నేను చెబితే వినదు.