మజ్జ మార్చే ముందు తేలాల్సిన లెక్క

ఆయాసంతో వచ్చిన బిడ్డకు ఎముక మజ్జ మార్చాలంటే కన్నవారు విస్తుపోతారు. పల్మనరీ ఆల్వియోలార్ ప్రొటీనోసిస్ అనే అరుదైన జబ్బులో కొందరికి నిజంగానే అది అవసరం. అందరికీ కాదు. ఆ తేడా తేలకముందే మార్పిడి మాట ఎత్తడాన్ని మేం తప్పుపడుతున్నాం.

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పొర కాపాడుతుంది. పాతబడిన జిడ్డును మజ్జ నుంచి వచ్చే మాక్రోఫేజ్ కణాలు తినేస్తాయి. జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రొటీన్ సంకేతం అందకపోతే అవి ఆ పని చేయలేవు, గదులు పూడుకుపోతాయి. 1960ల నుంచీ దీనికి ప్రధాన చికిత్స ఊపిరితిత్తులను కడగడమే. పూర్తి మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తితో శ్వాస నడిపిస్తూ రెండోదాంట్లోకి ఒంటి వేడికి తెచ్చిన సెలైన్‌ను విడతకు లీటరు దాకా పంపి, ఛాతీని తడుతూ వెనక్కి తీస్తారు. మొదటి సీసాలు పాలలా ఉంటాయి, అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. నీళ్లు తేటపడేసరికి 15 లీటర్లు దాటొచ్చు. పోసినంతా తిరిగి రాకపోతే రెండో ఊపిరితిత్తిలోకి కారుతోందేమో వెంటనే చూడాలి.

దాదాపు 90 శాతం కేసుల్లో దోషం ఒంట్లోనే తయారై జీఎం-సీఎస్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీలదే. వారికి కడగడం, అదే ప్రొటీన్‌ను మందుగా పీల్చడం ఉన్నాయి. సీఎస్ఎఫ్2ఆర్ఏ జన్యువు దెబ్బతిన్న పిల్లల్లో ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకమే పనిచేయదు, గాటా2 అనే మరో జన్యువు లోపంలో మాక్రోఫేజ్‌ల పుట్టుకే కుంటుపడుతుంది. మజ్జ మార్పిడికి అర్థం ఉన్నది ఇక్కడ. ఊపిరితిత్తులు మార్చినా జబ్బు తిరగబెట్టిన సందర్భాలున్నాయి, ఎందుకంటే శుభ్రం చేసే కణాలు మళ్లీ పాత మజ్జ నుంచే వస్తాయి. ఏబీసీఏ3 అనే జన్యువు లోపంలో మాత్రం తప్పు ఊపిరితిత్తి కణాల్లోనే ఉంది, మజ్జ మార్చి ఫలితం లేదు.

కాబట్టి యాంటీబాడీ పరీక్ష, జన్యు పరీక్ష ముందు జరగాలి. దాతగా వచ్చే తోబుట్టువుకూ జన్యు పరీక్ష తప్పదు. గాటా2 లోపం పైకి ఆరోగ్యంగా కనిపించేవారిలోనూ దాగి ఉండొచ్చు, అలాంటి దాతను తీసుకుంటే జబ్బునే తిరిగి నాటినట్టు. మార్పిడికి ముందు ఊపిరితిత్తులు కడిగి, దాగిన ఆస్పర్‌జిల్లస్ అనే బూజు, నోకార్డియా అనే బ్యాక్టీరియా లాంటి ఇన్ఫెక్షన్లను వెతకాలి. మార్పిడి కోసం ఇచ్చే కీమో మందుల తర్వాత తెల్లకణాలు పడిపోయే రెండు మూడు వారాల్లో ప్రాణం తీసేవి అవే. కొత్త మజ్జ కుదురుకున్నా కొత్త మాక్రోఫేజ్‌లు ఊపిరితిత్తుల్లో నిండటానికి నెలలు పడుతుంది. ఈలోగా మరోసారి కడగాల్సి వస్తే మార్పిడి విఫలమైందని బెంబేలెత్తక్కర్లేదు. దాత కణాలు శ్వాసనాళాలపై దాడిచేసి వాటిని మూసేసే ప్రమాదం మాత్రం ఉంది, శ్వాస పరీక్షలు మానకూడదు.

ఇక కొవ్వు నుంచి తీసిన కణాలను నరంలోకి ఎక్కించి మూలకణ చికిత్స అని డబ్బు గుంజేవారున్నారు. ఆ కణాలు మాక్రోఫేజ్‌లుగా మారవు, ఒక్క గాలి గదినీ శుభ్రం చేయవు.