అర్ధరాత్రి నుంచి పస్తు ఎవరి సౌకర్యం కోసం?

బిడ్డకు ఆపరేషన్ ఖాయమయ్యాక తల్లిదండ్రులకు అందే మొదటి ఆదేశం, అర్ధరాత్రి దాటితే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వవద్దని. మత్తులో దగ్గడం, మింగడం వంటి సహజ రక్షణలు పనిచేయవు కనుక కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ముప్పు ఉంది. ప్రసూతి సమయంలో మత్తు తీసుకున్న స్త్రీలలో దీన్ని అమెరికా ప్రసూతి వైద్యుడు మెండెల్సన్ 1946లోనే వివరించాడు. కాబట్టి పస్తు అవసరమే. పేచీ అంతా గంటల లెక్క దగ్గరే.

అమెరికా లెక్కన తేలికపాటి ఘనాహారానికి 6 గంటల విరామం కావాలి. తల్లిపాలకు అమెరికా మత్తు వైద్యుల సంఘం 4 గంటలు చెబితే, ఐరోపా వైద్యులు 2022లో 3 గంటలు చాలన్నారు. నీళ్లు, గుజ్జు లేని పండ్ల రసం వంటివి కడుపులో ఎంతోసేపు నిలవవు కనుక వాటికి అమెరికాలో 2 గంటలు, ఐరోపాలో గంట మాత్రమే గడువు. ఏ లెక్కన చూసినా, పదకొండు గంటలకు థియేటర్‌లోకి వెళ్లే మూడేళ్ల బిడ్డను రాత్రంతా దాహంతో ఉంచడానికి వైద్యపరమైన కారణం కనబడదు.

పైగా ఆ దాహం మత్తు వైద్యుడికే అడ్డం తిరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గితే చిన్న చేతి మీద నరం దొరకదు. సూది రెండోసారి, మూడోసారి గుచ్చవలసి వస్తుంది. మత్తు ఇవ్వగానే రక్తపోటు పడిపోయే అవకాశమూ పెరుగుతుంది. ఆకలికి ఏడ్చి ఏడ్చి అలసిన బిడ్డ మాస్కు దగ్గరకు తేగానే తల తిప్పేసుకుంటే, ఆ మొండితనం బిడ్డది కాదు.

ఆపరేషన్ల వరస ఎప్పుడు మారుతుందో తెలియదనీ, అందరికీ ఒకే గంట చెబితే పొరపాటు జరగదనీ ఆసుపత్రులు అంటాయి. పేగులో అడ్డంకి ఉన్నవారికి, అత్యవసర కేసులకు లెక్క వేరన్నదీ నిజమే. అయితే కొందరికి వర్తించే జాగ్రత్తను అందరి మీదా రుద్దడం భద్రత అనిపించుకోదు, అది పని తేలిక చేసుకోవడం.

ఈ సౌకర్యపు తర్కమే మిగతా సన్నాహాన్నీ మింగేస్తోంది. వారం కిందటి జలుబు మత్తులో స్వరపేటిక బిగుసుకుపోయే ముప్పును పెంచుతుంది; ఊడబోయే పాలపన్ను శ్వాస గొట్టం వేసేటప్పుడు రాలి శ్వాసనాళంలో పడవచ్చు; రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు వికటించి ఉంటే వాడవలసిన మందులే మారిపోతాయి. వీటిని అడగవలసిన సంభాషణ చాలాచోట్ల సంతకాల వరసలో ఒక నిమిషానికి కుదించుకుపోతుంది. బిడ్డతో మాట్లాడేవారైతే అసలుండరు. సూది ఉండదని అబద్ధం చెప్పి బిడ్డను ఎత్తుకెళ్లేవారే తప్ప, ముందురోజే మాస్కు చేతికిచ్చి బొమ్మకు పెట్టి ఆడుకోనిచ్చేవారు అరుదు. తిమ్మిరెక్కించే మలాం చర్మం మీద పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది; దాన్ని రాయడానికి ఎవరూ తీరిక చేసుకోకపోతే సూది నొప్పిని భరించేది బిడ్డే.

అందుకే పస్తు గంటలు బిడ్డ పేరుమీద, ఆపరేషన్ సమయాన్ని బట్టి రాయాలి. ఆపరేషన్ వెనక్కి జరిగిందని తెలిసిన వెంటనే, మత్తు వైద్యుడు ముందే రాసిచ్చిన పరిమితిలో నీళ్లు తాగించే అధికారం వార్డు నర్సుకు ఉండాలి.