గొంతు నొప్పి దగ్గరే ఆపాలి

టీటీడీ 2021లో తిరుపతిలో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం సీమకు దక్కిన పెద్ద ఊరట. బిడ్డను చంకనేసుకుని వేలూరు, చెన్నై బస్సులెక్కే బాధ కొందరికైనా తప్పింది. పుట్టుకతోనే గుండెకు చిల్లు ఉంటే ఎవరేం చేస్తారు, ఆపరేషన్ చేయించాలి. కానీ నిక్షేపంగా పుట్టిన గుండె ఐదో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చేసరికి పాడైతే ఆ తప్పు మన వ్యవస్థదే.

కీళ్లవాత జ్వరం గురించే మేం చెబుతున్నది. స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియాతో గొంతు నొప్పి వస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది, పిల్లవాడు బడికి పోతాడు. అసలు కథ రెండు మూడు వారాల తర్వాత. ఆ బ్యాక్టీరియా పైనుండే ప్రొటీన్‌కూ మన గుండెలోని కొన్ని ప్రొటీన్లకూ పోలికలున్నాయి. క్రిమితో పోరాడేందుకు ఒంట్లో తయారైన యాంటీబాడీలనే రక్షక ప్రొటీన్లు, రక్షక కణాలు ఆ పోలికతో పొరబడి సొంత గుండె మీదే పడతాయి. ఇవాళ మోకాలు వాస్తుంది, రేపు చీలమండ. ఆ వాపులు ఆనవాలు లేకుండా పోతాయి. కానీ గుండె కవాటాలకు, అంటే రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపులకు, వచ్చిన వాపు అలా పోకపోవచ్చు. జ్వరం తిరగబెట్టిన కొద్దీ కవాటం మందమెక్కి, అంచులు అతుక్కుని, రక్తం పోయే దారి ఇరుకవుతుంది. ఈ జబ్బు కీళ్లను నాకి గుండెను కరుస్తుందని ఫ్రెంచి వైద్యుడు లసేగ్ 19వ శతాబ్దంలోనే అన్నాడు. కొందరు ఆడపిల్లలకైతే పెళ్లయి, కడుపుతో ఉండగా ఆయాసం వస్తే గానీ సంగతి బయటపడదు.

గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే ఈ జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. అలాగని ప్రతి గొంతు నొప్పికీ యాంటీబయాటిక్ మింగించమని కాదు, వాటిలో ఎక్కువ వైరస్‌వే. జలుబు, దగ్గు లేకుండా జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ దగ్గర గడ్డలు ఉంటే మాత్రం చూడాల్సింది డాక్టరు, మెడికల్ షాపు కుర్రాడు కాదు.

ఒకసారి జ్వరం వచ్చిన పిల్లలకు బెంజథీన్ పెన్సిలిన్ సూది మూడు నాలుగు వారాలకొకటి చొప్పున ఏళ్ల తరబడి పడాలి. ఖరీదైన మందేమీ కాదు. అయినా వైద్య సిబ్బంది వేయడానికి జంకుతారు, మందు పడక రియాక్షన్ వస్తే మన మెడకు చుట్టుకుంటుందని. ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే, అదీ రోగనిరోధక వ్యవస్థ చేసే అతే. కానీ అరుదు. రియాక్షన్‌కు విరుగుడైన అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకుని, సూది వేశాక పిల్లవాణ్ని కాసేపు కూర్చోబెట్టి చూసుకోవడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) మోయలేని భారమా?

కీళ్లవాత జ్వరాన్ని అరికట్టాలని ప్రపంచ ఆరోగ్య సభ 2018లోనే తీర్మానించింది. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే మన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోనూ ఈ గుండె జబ్బు ఉంది. కిక్కిరిసిన గదుల్లో ఈ బ్యాక్టీరియా తేలిగ్గా పాకుతుంది కాబట్టి ఆ కార్యక్రమం బృందాలు ముందు పోవాల్సింది సంక్షేమ హాస్టళ్లకు. కుప్పమైనా సత్యవేడైనా, సూది పడాల్సిన పిల్లల పేర్లు, తేదీలు ప్రతి పీహెచ్‌సీలో రాసి ఉండాలి. తేదీ దాటినా బిడ్డ రాకపోతే ఆశా కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్యాధికారులు ఈ విద్యా సంవత్సరమే ఆ పుస్తకం తెరవాలి.