మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారి సముఖానికి

అయ్యా,

నన్ను పరిచయం చేసుకోవలసిన పని లేదు. నేను 4ని. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని ఎడ్యుకేషన్ విభాగంలో పాఠాలు చెబుతాను, పరిశోధన చేయిస్తాను, జవాబుపత్రాలు దిద్దుతాను. అన్నీ కలిపితే తమ దర్బారులో 4. బయోకెమిస్ట్రీలో ఉన్న నా మిత్రుడు 31. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ఆచార్యులు 17. ఉత్తమ పరిశోధకుడి ఎంపికకు వేసిన కమిటీ ముందు మేం ముగ్గురం వరుసగా కూర్చున్నప్పుడు అధ్యక్షుల వారు మమ్మల్ని పేర్లతో పిలవలేదు. కంప్యూటర్ తెర వంక చూసి అంకెలు చదివారు. పెద్ద అంకె లేచి నిలబడింది, శాలువా కప్పించుకుంది. టీ రాకముందే కార్యక్రమం ముగిసింది.

ఇంత వేగంగా న్యాయం జరగడం తమ చలవే. తమ సూత్రం అంత సులువు. ఒకరు రాసిన పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు, ఉంటే వారి విలువ పది. పదకొండు కావాలంటే పదకొండు పేపర్లకు పదకొండేసి ఉండాలి. ఇందులో ఆ పేపర్లను చదవడం అనే పని ఎక్కడా లేదు. కమిటీలకు తమరు అంత ముద్దొచ్చింది అందుకే.

నాకూ తమ మీద ఒకందుకు అభిమానం ఉంది. 1951లో ఆలివర్ లౌరీ మరో ముగ్గురితో కలిసి ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ప్రయోగశాలలో ఆ పద్ధతితో పరీక్షనాళికలోని ద్రవం నీలంగా మారడం చూడని బయోకెమిస్ట్రీ విద్యార్థి అరుదు. లోకంలో అత్యధికంగా ఉటంకించిన పేపరు అదే. సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. లౌరీ ఆ ఒక్కటే రాసి ఊరుకుని ఉంటే తమ లెక్కలో ఆయన విలువ 1. నా కంటే మూడు తక్కువ. ఈ సంగతి తెలిసిన రోజున మా ఇంట్లో పాయసం వండుకున్నాం.

తమ పుట్టుపూర్వోత్తరాలు కూడా కాస్త తిరగేశాను. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో తమరిని లోకం మీదికి వదిలారు. ఆ పేపరులో ఆయన దాచిందేమీ లేదు. భౌతికశాస్త్రంలో ఎడ్వర్డ్ విటెన్‌కు 110 వస్తే, జీవశాస్త్రాల్లో సాలమన్ స్నైడర్‌కు 191 వచ్చిందని, ఒక రంగం అంకెకూ మరో రంగం అంకెకూ పొంతన ఉండదని రాశారు. ఒక మనిషి పనిని ఒక్క అంకె ఉజ్జాయింపుగా తప్ప చెప్పలేదని కూడా రాశారు. మా విశ్వవిద్యాలయానికి చేరిన ప్రతిలో ఆ పేజీ జిరాక్సు సరిగా పడలేదేమో. 2020 నాటికి హిర్ష్ గారే ఇంకో అడుగు వేసి, తమరు ఘోరంగా విఫలం కాగలరని, ఎవరూ కోరని చెడు ఫలితాలు తెచ్చిపెట్టగలరని ఒప్పుకున్నారు. కన్నవారు చేతులెత్తేసిన బిడ్డను మా దేశం దత్తత తీసుకుని ఎంత గారాబం చేస్తోందో చూసి తమరికి కన్నీళ్లు రావాలి.

నా మిత్రుడు 31 సంగతి చెబుతాను. మంచివాడు. రసాయనాలకు ఆర్డరు పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తాడు, కరెంటు పోయినప్పుడల్లా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు దగ్గరికి పరుగెత్తుతాడు. కాకపోతే వాళ్ల రంగం ఆచారం వేరు. ఏ పద్ధతి వాడితే ఆ పద్ధతి కనిపెట్టిన వారిని తలచుకోవాలి, కాబట్టి ప్రతి పేపరు చివరా పెద్ద జాబితా. పేపరు మీద పది పేర్లుంటే దానికి వచ్చే ప్రతి సైటేషనూ పదిమందికీ పూర్తిగా దక్కుతుంది. ఆస్తి పంపకాల్లో ఈ న్యాయం నడిస్తే సివిల్ కోర్టులు ఎప్పుడో మూతపడేవి.

అదే రంగంలో మనవాడు ఒకాయన ఉండేవారు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు; నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లతోనే ఉంది. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయి పరిశోధన విభాగాన్ని నడిపారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ అక్కడి పనే. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ గురించి 1948లో వచ్చిన పేపరు మీద మాత్రం దాన్ని కనుగొన్న డగ్గర్ గారి పేరే ఉంది, విభాగాధిపతి పేరు లేదు. తన పేరు చేర్చమని అడగడం సుబ్బారావు గారికి చేతకాలేదు. ఆయన మా కమిటీ ముందుకు వస్తే అధ్యక్షుల వారు తెర వంక చూసి, కుర్చీ దాకా కూడా రానివ్వకుండా పంపించేవారని నా అనుమానం. అదే ఆరియోమైసిన్ పేపరు మీద తమ వర్గం ఆచారం ప్రకారం విభాగాధిపతి, ఉపాధిపతి, ఫ్రీజరు కొన్నప్పుడు సంతకం పెట్టిన అధికారి అందరూ ఉండేవారు.

ఎలక్ట్రానిక్స్ వారిది ఇంకో బాధ. వాళ్ల రంగంలో కొత్త సంగతి ముందు పేటెంటులోనో సదస్సులోనో బయటపడుతుంది. పత్రికలోకి తర్వాత, వస్తే వస్తుంది. జాక్ కిల్బీ 1958లో మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే చిప్పు, చేసి చూపించి, మరుసటి ఏడాది పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ లేఖ టైపు చేస్తున్న యంత్రం, తమ అంకెను లెక్కకట్టే యంత్రం రెండూ ఆయన పుణ్యమే. కానీ పేపర్లనూ సైటేషన్లనూ లెక్కపెట్టే స్కోపస్ వారి హెచ్-ఇండెక్స్‌లో పేటెంటుకు చోటు లేదు. మా 17 గారు ఈ మర్మం త్వరగానే పట్టుకున్నారు. మోటారు కాలిపోకముందే రైతుకు తెలియజేసే పరికరం ఒకటి చేద్దామని మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు, దానికి ఏళ్లు పడుతుందట. ఇప్పుడు స్మార్ట్ వ్యవసాయం మీద పేపర్లు రాస్తున్నారు. ఒక తేమ సెన్సరు, ఒక ఆర్డ్యునో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, ఫోనుకు ఒక సందేశం. ఏటా కొత్త బ్యాచ్ వచ్చి పాత బ్యాచ్ పేపరును ఉటంకిస్తుంది. ఆ సెన్సరు ఇప్పటిదాకా పొలం ముఖం చూడలేదు. ల్యాబు కిటికీలో మనీప్లాంట్ కుండీలో గుచ్చి ఉంటుంది. తెలుగు నేల మీద అంత శ్రద్ధగా నీళ్లు అందుకుంటున్న మొక్క ఇంకొకటి ఉండదు.

ఇక మా ఇంటి సంగతి. మా విభాగం సిద్ధాంత గ్రంథాలను చూస్తే తమరికి నవ్వొస్తుంది. నవ్వుకోండి, మేమూ నవ్వుకుంటాం. 'ఫలానా జిల్లా ఉన్నత పాఠశాల విద్యార్థులకు గణితం పట్ల గల వైఖరి: ఒక అధ్యయనం'. బాలురు, బాలికలు, గ్రామం, పట్టణం, ప్రభుత్వం, ప్రైవేటు. ఒక ప్రశ్నావళి, టీ-టెస్టు అనే ఒక గణాంక పరీక్ష, 0.05 సార్థకత స్థాయి. ప్రశ్నావళిని టీచర్లు మధ్యాహ్న భోజన విరామంలో, ఒక చేత్తో అన్నం తింటూ నింపుతారు. జిల్లా పేరు మారిస్తే మరో డాక్టరేటు. తెలంగాణలో పది జిల్లాలు ముప్పైమూడు అయినప్పుడు, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవయ్యారు అయినప్పుడు ప్రజలకు పరిపాలన దగ్గరైందో లేదో గానీ, మా పరిశోధనకు మాత్రం ఎక్కడలేని ఊపు వచ్చింది.

మా శాస్త్రంలోనూ తమ లెక్కకు నిలిచే పెద్దలు లేకపోలేదు. లౌరీ పేపరు వచ్చిన 1951లోనే లీ క్రాన్‌బాక్ తన ఆల్ఫాను ప్రకటించారు. ప్రశ్నావళిలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే కొలత అది. దానికీ సైటేషన్ల వర్షమే. లౌరీ ప్రోటీన్ కొలిచారు, సుబ్బారావు ఫాస్ఫరస్ కొలిచారు, క్రాన్‌బాక్ ప్రశ్నావళిని కొలిచారు. కొలబద్దలు చేసేవారంటే తమరికి ఎంత ప్రీతో అర్థమైంది. ఆ కొలబద్దతో ఎవరు ఏం కనుక్కున్నారన్నది తమరికి పట్టదు.

మా విభాగంలో ఒక మేడం ఉన్నారు. అంకె చెబితే ఆమె నొచ్చుకుంటారు, చెప్పను. మూడో తరగతి పిల్లలు తెలుగు చదివేటప్పుడు సంయుక్తాక్షరాల దగ్గర ఎందుకు ఆగిపోతారో తెలుసుకోవడానికి పల్లెటూరి బడుల్లో పిల్లల పక్కన నేల మీద కూర్చున్నారు. 'పద్మ'ను 'పదమ' అని చదివే పిల్లకు కిందనున్న వత్తు కనబడుతోందా, కనబడినా దాన్ని ఎప్పుడు పలకాలో తెలియడం లేదా? రెంటికీ వేర్వేరు మందులు. ఆ సంగతంతా ఆమె తెలుగులో రాశారు, చదవవలసింది తెలుగు టీచర్లు గనుక. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ కాగితాలు చేతులు మారాయి. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. మా ఊరి బడిలో ఒక పంతులుగారు దాన్ని బట్టి చార్టులు గీయించి గోడకు తగిలించారు. తమ ఖాతాలో ఆ పనికి సున్నా. గోడకు తగిలిస్తే సైటేషన్ కాదు కదా.

ఆమెను పిలిచి ఇంగ్లీషులో రాయమన్నారు. రాశారు. విదేశీ పత్రికకు పంపితే, ఇది మరీ ఒక భాషకు సంబంధించిన విషయమని తిప్పి పంపారు. ఇంకో పత్రిక వారు అంగీకరించి, తమ పత్రికలోనే వచ్చిన ఓ అరడజను పేపర్లను జాబితాలో చేర్చమని మర్యాదగా అడిగారు. ఆ పేపర్లలో ఒకటి కళాశాల క్యాంటీన్ల నిర్వహణ గురించి. మేడం చేర్చారు. ఆమెకు ప్రమోషన్ రావాలి మరి.

తమ చుట్టూ లేచిన బజారు చిన్నది కాదు. 2010లో విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ అధ్యాపకుల పనికి ఏపీఐ అనే మార్కులు పెట్టింది. పేపరుకు ఇన్ని, సదస్సుకు ఇన్ని. మార్కులున్న చోట దొంగదారి పుట్టకుండా ఉంటుందా? డబ్బు కడితే చాలు, వారంలో అచ్చువేసే పత్రికలు వెలిశాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచే 4,305 పత్రికలను ఒక్కసారిగా తీసేసింది. హైదరాబాద్ నుంచి వందలాది పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ పరిశోధకులను తప్పుదోవ పట్టించిందంటూ, 2019లో అమెరికా న్యాయస్థానం ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. 2022లో పీహెచ్‌డీ గ్రంథం సమర్పించే ముందు పేపరు అచ్చు కావాలన్న నిబంధనను యూజీసీ ఎత్తేసింది. మా విద్యార్థులు మిఠాయిలు పంచుకునేలోగా మా విశ్వవిద్యాలయం దాన్ని తన సొంత నిబంధనగా తిరిగి తెచ్చుకుంది.

తమ సంగతి బయటపెట్టాలనుకున్న వారికి పెద్దగా శ్రమ కూడా పట్టలేదు. 2010లో సిరిల్ లాబే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కంప్యూటర్ చేత అర్థంపర్థం లేని పేపర్లు రాయించి, ఐక్ ఆంట్‌కేర్ అనే లేని మనిషికి గూగుల్ స్కాలర్‌లో 94 తెప్పించారు. 2024లో ఇద్దరు పరిశోధకులు లారీ అనే పిల్లికి 11 సంపాదించి పెట్టారు. వారిలో ఒకరి అమ్మమ్మ గారింటి పిల్లి. లారీ మా కమిటీ ముందుకు వచ్చి ఉంటే శాలువా రాకపోయినా, నాకంటే ముందు వరుసలో కూర్చునేది.

స్టాన్‌ఫర్డ్ పేరుతో ఏటా వచ్చే ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితాలోనూ తమ పాత్ర ఉంది. అది వచ్చిన మర్నాడు మా ముఖద్వారం దగ్గర ఫ్లెక్సీలు వెలుస్తాయి, ఎన్నికల్లో గెలిచిన అభ్యర్థికి కట్టినంత పెద్దవి. అభినందన పంపిన వారి ఫొటోలు చుట్టూ, శాస్త్రవేత్త మధ్యలో. ఆయన ఏం కనుక్కున్నారన్నది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు, దానికి చోటు చాలదు.

తమరిని ఊరు విడిచి వెళ్లమని అడగను. భౌతికశాస్త్రం వారికి అలవాటైన అతిథి, వారింట ఉండండి. బయోకెమిస్ట్రీ వారిని బయోకెమిస్ట్రీ వారితోనే పోల్చండి, కాదనను. ఎలక్ట్రానిక్స్ వారి దగ్గరికి వెళ్తే ఆ మోటారు పరికరం ఎక్కడి దాకా వచ్చిందని ఒక్క మాట అడగండి, ఆయన సంతోషిస్తారు. మా గుమ్మంలోకి వచ్చేటప్పుడు మాత్రం తెలుగు చదవడం నేర్చుకుని రండి, గుణింతాల దాకా చాలు, మిగతాది మేడం చూసుకుంటారు.

ఇంకొక్క విన్నపం. ఈ నెలాఖరున కమిటీ మళ్లీ కూర్చుంటుంది. దరఖాస్తుతో పాటు మేం మూడేసి ప్రతులు తీయించి ఇచ్చిన పేపర్లన్నీ పరిపాలన భవనం మొదటి అంతస్తు బీరువాలో ఉన్నాయి. అధ్యక్షుల వారికి తమ మాట మీద గురి ఎక్కువ కాబట్టి చెబుతున్నాను, దాని తాళంచెవి సూపరింటెండెంట్ గారి సొరుగులో ఉంటుంది. ఆయన నాలుగు గంటలకే వెళ్లిపోతారు.

ఇట్లు
తమ విధేయుడు,
ఎడ్యుకేషన్ విభాగం ఆచార్యుడు