సవరణ: భయపడే పిల్లిని మచ్చిక చేసుకోవడం గురించి

పోయిన వారం మా ఇంటికి తెచ్చుకున్న వీధిపిల్లి గురించి రాస్తూ, "రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని గిన్నెడు పాలు పోస్తే వారంలో మచ్చికైపోతుంది" అన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా పిల్లిని బలవంతంగా పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

పిల్లికూనలు మనుషులకు సులువుగా అలవాటుపడేది సుమారు 2 నుంచి 7 వారాల వయసులో. అప్పుడు మనిషి చెయ్యి తగలని పిల్లికి నెలలు పట్టొచ్చు, కొన్నిటికి ఏళ్లు. మాది ఇప్పటికీ బీరువా వెనకే ఉంటుంది. పగలు గిన్నె ముట్టదు. రాత్రి లైటార్పి నేను తలుపు దగ్గర కదలకుండా కూర్చుంటే ముందు మీసాలు, తర్వాత ఒక కాలు బయటికొస్తాయి. మొన్న నా వైపు చూసి, నమ్మకం కుదిరినప్పుడు పిల్లులు చేసేలా, కళ్లు మెల్లగా మూసి తెరిచింది. నేనూ అలాగే చేశాను. ముట్టుకోలేదు. ఆ రాత్రి ఎంత సంతోషమేసిందో!

ఇక పాల సంగతి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. మంచినీళ్లు, పిల్లుల ఆహారం చాలు. ఇల్లంతా ఒకేసారి వదిలేయకుండా ఒక గది, దాక్కోవడానికి అట్టపెట్టె, మూలగా ఇసుక ట్రే ఇవ్వండి.

అసలు రాయకుండా వదిలేసింది ఇంకొకటుంది. రక్కినా, కరిచినా గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా ఆలస్యం చేయొద్దు. ఇంట్లో పిల్లలుంటే, రక్కిన సంగతి దాచకుండా చెప్పమని ముందే చెప్పి ఉంచండి.