కింది మడికి ముందు నీళ్లు

మొన్న ఆదివారం హన్మకొండలోని మా ఇంటి హాలులో, అరవై మంది చుట్టాల సాక్షిగా, 2012 నాటి సద్దుల బతుకమ్మకు మూకుమ్మడిగా శిగం, అంటే పూనకం, రావడానికి కారణం అమ్మవారు కాదని, నేనేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను. మా బావ ఆ సంగతిని ఇప్పటికే కాజీపేట దాటించి జనగామ దాకా చేరవేశాడు కనుక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

మా బాపమ్మకు ఎనభై ఏళ్లు నిండాయి. పద్మాక్షి గుట్ట దగ్గర ఆమె పాట ఎత్తుకుంటే వంద మంది ఆడవాళ్లు వలయం కట్టి ఆడిన గంటన్నర వీడియో, మా చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన హెచ్‌డీ క్యామ్‌కార్డర్ కార్డులో ఇన్నేళ్లుగా మూలుగుతోంది. బాపమ్మ నమ్మే యంత్రం డీవీడీ ప్లేయర్ ఒక్కటే. కాబట్టి ఆ వీడియోను డీవీడీగా మార్చాలి. ఆ పని నేను చేస్తానని, ఎవరూ అడగకముందే, అన్నాను.

ఓరుగల్లు కోటలోకి వెళ్లాలంటే మట్టి గోడ, కందకం, రాతి గోడ దాటాలని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ కార్డులోని వీడియోను చేరడానికి అంతకంటే ఒక గోడ ఎక్కువే దాటాలి. ప్రైవేట్ అన్న ఫోల్డరులో ఏవీసీహెచ్‌డీ, దానిలో బీడీఎంవీ, దానిలో స్ట్రీమ్, ఆ లోపల పేర్లు లేకుండా అంకెలు మాత్రమే తగిలించుకున్న ఎంటీఎస్ ఫైళ్లు. సోనీ, పానాసోనిక్ కంపెనీలు కలిసి 2006లో ప్రకటించిన పద్ధతి ఇది. రెండు కంపెనీల ఇంజనీర్లు కూర్చున్నారు కదా, ఫైలుకు తారీఖు పెట్టాలన్న ఆలోచన ఒక్కరికైనా రాలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే. వెతకగా వెతకగా బతుకమ్మ దొరికింది. దానికంటే ముందు చిన్నాయన లెన్సులో తనను తాను చూసుకుంటూ తల దువ్వుకున్న నాలుగు నిమిషాలు దొరికాయి.

ఇంటర్నెట్టు నుంచి దింపుకున్న ఉచిత కన్వర్టరు అడిగిన ప్రశ్నలు పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగరు. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ గీతల బొమ్మను 720, 576లకు కుదించాలని, అంటే ఒక్కో చిత్రంలో 20,73,600 చుక్కలున్న చోట 4,14,720 మాత్రమే మిగులుతాయని తెలిసి కొంత బాధపడ్డాను. మిగతా ప్రశ్నలకు తోచిన జవాబులు ఇచ్చాను. ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. ఏ ఫీల్డు, అంటే చిత్రంలోని గీతల్లో ఒకటి విడిచి ఒకటి ఏరిన ఏ సగం, ముందు రావాలి, పైదా, కిందిదా అని అది అడిగింది. ఆ పక్కనే ‘ఆటోమేటిక్’ అన్న మూడో ఎంపిక తనకు తానే టిక్కు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఉంటే సరిపోయేది. కానీ చదువుకున్నవాడు టిక్కును ముట్టుకోకుండా ఎలా ఉంటాడు?

చౌరస్తాకు వెళ్లి ఒక ఫొటో స్టూడియో యజమానిని అడిగాను. నాలుగు రోజుల ముందు ఇదే పనికి ఎనిమిది వందలు అడిగితే నేను నవ్వి వచ్చేసిన మనిషి ఆయన. ఆ నవ్వును ఆయన గుర్తుపెట్టుకున్నాడని నాకు తట్టలేదు. "కింది ఫీల్డు ముందు పెట్టుండ్రి సార్. పెండ్లి క్యాసెట్లు వెయ్యి చేసిన, అన్నిటికి గదే పెట్టిన" అని, ఫోను నుంచి కళ్లు కూడా ఎత్తకుండా చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ కాలపు చిన్న డీవీ టేపుల్లో కింది ఫీల్డే ముందుంటుంది. నా దగ్గర ఉన్నది టేపు కాదని, కార్డని, హెచ్‌డీ క్యామ్‌కార్డర్లలో పై ఫీల్డు ముందుంటుందని ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. ఉచితంగా దొరికిన సలహా ఎనిమిది వందల సలహా కంటే ఖరీదైనదని ఆదివారం సాయంత్రానికి తెలిసింది.

అసలు ఫీల్డు అన్న మాట విన్నప్పుడే నేను మేల్కొనవలసింది. మా తాతకు ఊళ్లో చెరువు కింద రెండెకరాలు ఉండేది. తూము తీసినప్పుడు నీళ్లు ముందు పై మడికి పారతాయి, అది నిండి ఒడ్డు దాటిన తర్వాతే కింది మడికి దిగుతాయి. ఈ వరుసను కాకతీయుల కాలం నుంచి ఏ నీరటీ మార్చలేదు. చివరి ఆయకట్టుకు ముందు నీళ్లిస్తామని ఎన్నికలకొకసారి చెప్పేవాళ్లను విని విని, కింది మడికి ఒకసారైనా న్యాయం జరగాలన్న ఉద్దేశంతోనో ఏమో, నేను కంప్యూటరులో ఆ పని చేసి చూపించాను. ఆ పాత కెమెరా సెకనుకు 25 చిత్రాలు తీస్తుందన్న మాటే గానీ, ఒక్కో చిత్రాన్నీ రెండు వాయిదాల్లో తీస్తుంది. ముందు పై ఫీల్డులోని 540 గీతలు, సెకనులో యాభయ్యో వంతు గడిచాక కింది ఫీల్డులోని 540 గీతలు. నేను ఆ రెండింటినీ తారుమారు చేశాను. అంటే ప్రతి మనిషీ ముందు రేపు వేయవలసిన అడుగు వేసి, తర్వాత నిన్నటి అడుగు వేసి, ఆ తర్వాత ఎల్లుండి అడుగుకు దూకాలి. సెకనుకు ఇరవై అయిదు సార్లు.

ల్యాప్‌టాపులో పరీక్షించాను. అది రెండు వాయిదాలనూ ఒకే చిత్రంగా అతికించి చూపించింది కనుక తప్పు కనబడలేదు, చప్పట్లు కొట్టే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు మాత్రం కనబడ్డాయి. పాత వీడియో కదా అని సర్దుకున్నాను.

ఆదివారం భోజనాలయ్యాయి. బాపమ్మను టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. డీవీడీ పెట్టాను. మొదట గుట్ట కనిపించింది, నిశ్చలంగా ఉంది. తర్వాత తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు కనిపించాయి, అవీ నిశ్చలంగానే ఉన్నాయి. అందరూ ఆహా అన్నారు. అప్పుడు బాపమ్మ గొంతు పాట ఎత్తుకుంది, వలయం కదిలింది.

కదలడం అంటే మామూలుగా కదలడం కాదు. వంద మంది ఆడవాళ్లు నఖశిఖపర్యంతం వణకడం మొదలుపెట్టారు. వంగి చప్పట్లు కొట్టే ప్రతి చెయ్యీ మధ్యలో పది సార్లు తటపటాయించి గానీ రెండో చేతిని కలుసుకోలేదు. కొప్పులు వణికాయి, కొంగులు వణికాయి, చంకలో బిడ్డను ఎత్తుకున్న పెద్దమ్మ వణికితే ఆ బిడ్డ వేరే లయలో వణికింది. వలయం అంచున ఒకాయన మిరపకాయ బజ్జీని నోటి దాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, మళ్లీ తెచ్చి, జన్మలో ఏ మనిషీ ఒక బజ్జీ విషయంలో అంత సంశయించి ఉండడు. ఒక కుక్క తెరకు అడ్డంగా ఇటు నుంచి అటు ఊగుతూ వెళ్లింది. పాట మాత్రం ఏ వణుకూ లేకుండా, గంట కొట్టినట్టు సాగుతోంది. ఆ పాటలో చరణం చరణానికీ వచ్చే ‘ఉయ్యాలో’ అన్న మాట అక్షరాలా నిజం కావడం నేను మొదటిసారిగా చూశాను.

హాలులో ఒక్కరూ మాట్లాడలేదు. బాపమ్మ కుర్చీలో నుంచి లేచి రెండు చేతులూ జోడించింది.

"గిన్నేండ్లాయె, గీ సంగతి ఎవ్వలు చెప్పలేదేందిరా నాకు? ఒక్కలకు గాదు, ఇద్దరికి గాదు, అందరికి శిగమచ్చింది!" అన్నది.

నేను ఫీల్డుల గురించి వివరించబోయాను. ఆమె వినలేదు. పైగా ఆమె దగ్గర నా దగ్గర లేని తర్కం ఉంది. తెర మీద పక్కన చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మలను వేలితో చూపించి, "సూడు, కూసున్నోళ్లకు రాలె. ఆడినోళ్లకే అచ్చింది. అమ్మోరికి తెల్వదా ఎవలెవలు ఆడుతాండ్రో?" అన్నది. కదలని వస్తువు మీద ఫీల్డుల తారుమారు కనిపించదన్న సూత్రాన్ని అంత సూటిగా చెప్పిన పుస్తకం నాకు ఇంతవరకు దొరకలేదు. మా మేనత్త అప్పటికే వేపమండల కోసం వీధిలోకి పరుగెత్తింది. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి టీవీ ముందు సాక పోశారు. ఆ నీళ్లు కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపు పారుతుంటే, గంటన్నర సేపట్లో మొదటిసారి నేను చేసిన సరైన పనిగా, ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోగానే బాపమ్మ, "శాంతించింది" అన్నది.

"ఫోన్ల తీసుకుంటే అయిపోవు గదా బామ్మర్దీ" అన్నాడు బావ. 2012లో ఈయన చేతిలో ఉన్న ఫోను ఏమిటో నాకు తెలుసు. దానిలో వీడియో తీస్తే మనిషికీ బతుకమ్మకూ తేడా తెలిసేది కాదు. ఆ మాట పైకి అనలేదు, అక్క అక్కడే ఉంది.

ఆ రాత్రే టిక్కును ‘ఆటోమేటిక్’ దగ్గరికి తిరిగి పంపించి, మళ్లీ మార్చి, ఇంకో డీవీడీ రాశాను. సోమవారం పొద్దున స్టూడియో ముందు నుంచి వెళ్తుంటే ఆ యజమాని పలకరించి, డీవీడీ ఎట్లా వచ్చింది సార్ అని అడిగాడు. బాగా వచ్చిందన్నాను. ఎనిమిది వందలు మిగిలినయి గదా మరి అన్నాడు.

మంగళవారం ఉదయం వెనుక వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు తలస్నానం చేసి, కొబ్బరికాయ, ఊదుబత్తులు పట్టుకుని వచ్చి, అమ్మవారు పూనిన బతుకమ్మ టీవీ ఇదేనా అని అడిగారు. లోపల కూర్చోబెట్టి, సరిచేసిన కొత్త డీవీడీ పెట్టాను. వందమంది ఎంతో చక్కగా, ఒక్క వణుకు కూడా లేకుండా ఆడారు. పది నిమిషాలు చూసిన తర్వాత వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొబ్బరికాయను తిరిగి సంచిలో వేసుకున్నారు.